కౌంట్ నార్మల్ అయింది కదా, టాబ్లెట్ ఆపేయొచ్చా?

పోయిన సంచికలో కణాలకు ఆదేశాలు మోసే ప్రోటీన్ల గురించి రాస్తూ ఏబీఎల్ అనే ప్రోటీన్ పేరు ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యానికే హైదరాబాద్ నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చాయి, అందులో చాలావరకు సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ల ఇళ్ల నుంచే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రోటీన్‌కే ఇచ్చేశాం. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, పేట పేరు మాత్రం ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 51 ఏళ్లు, ఇళ్లకు రంగులు వేసే పని. మూడేళ్ల కిందట ఎడమ పక్క పొట్ట బరువుగా ఉందంటే చూపించాం. ప్లీహం బాగా పెరిగింది, తెల్లకణాలు లక్షా ఎనభై వేలు దాటాయి, ఫిలడెల్ఫియా పాజిటివ్ సీఎంఎల్ అన్నారు. అప్పటి నుంచి ఇమాటినిబ్ 400 రోజూ ఒకటి. మూడు నెలలకే కౌంట్ నార్మల్‌కి వచ్చింది. ఇప్పుడేమో "జబ్బే లేనప్పుడు మందెందుకురా, కాళ్లు పట్టేస్తున్నాయి" అని వారంలో రెండు మూడు రోజులు వేసుకోవడం మానేస్తున్నారు. పూర్తిగా ఆపేయొచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: ఆపకూడదు బాబూ, మధ్యలో మానేయడం కూడా కూడదు. ముందు ఆ మాట మీ నాన్నగారికి చెప్పి, ఆ తర్వాత మిగతాది చదవండి.

కౌంట్ నార్మల్ అయిందంటే జబ్బు పోయిందని కాదు. మామూలు రక్తపరీక్షకు కనపడనంత తగ్గిందని, అంతే. కణాలు ఇంకా కోట్లలో మిగిలి ఉండొచ్చు. వాటిని లెక్కపెట్టేది బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ అనే వేరే టెస్ట్. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఆ అంకె 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలని డాక్టర్లు చూస్తారు. మీ ఉత్తరంలో కౌంట్ సంగతి ఉంది గానీ ఈ అంకె ఎక్కడా లేదు. ఆ రిపోర్ట్ ఎప్పుడు చేయించారో, ఎంత వచ్చిందో ఫైల్లో వెతకండి, లేకపోతే వెంటనే డాక్టర్ని అడిగి చేయించండి.

ఇక ఈ మందు రోజూ ఎందుకు వేసుకోవాలో తెలియాలంటే ఏబీఎల్ గురించి కొంచెం చెప్పుకోవాలి. మన ఒంట్లో ప్రతి కణానికీ పెరగమనో, ఆగమనో, చచ్చిపొమ్మనో బయటి నుంచి కబురు వస్తూ ఉంటుంది. ఆ కబురు కణం లోపలికి చేరే దారుల్లో ముఖ్యమైనది, ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌కి ఒక ఫాస్ఫేట్‌ని తగిలించడం. ఫాస్ఫేట్ తగలగానే అవతలి ప్రోటీన్ పనిలోకి దిగుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది. ఇలా తగిలించే ప్రోటీన్లను కైనేజులంటారు, మనిషిలో ఇవి 500కు పైగా ఉన్నాయి. అందులో టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి మాత్రమే ఫాస్ఫేట్ తగిలించేవి ఓ 90 దాకా ఉంటే, వాటిలో ఏబీఎల్ ఒకటి. కాబట్టి ఇది ఎక్కడినుంచో వచ్చిన విషం కాదు, మీలోనూ నాలోనూ ఉన్న, అవసరమైన ప్రోటీనే.

అలాంటి ప్రోటీన్ అవసరం లేనప్పుడు ఊరుకోవాలి, లేకపోతే కణం ఆగకుండా పెరుగుతుంది. ఏబీఎల్ ఊరుకునే పద్ధతి నాకు ఎప్పుడు చదివినా అద్భుతంగానే అనిపిస్తుంది. దాని మొదటి కొసన మిరిస్టాయిల్ అనే చిన్న కొవ్వు తోక ఉంటుంది. ఆ తోక వెనక్కి మడుచుకుని ప్రోటీన్‌లోనే ఉన్న ఒక గుంటలోకి దూరుతుంది, దాంతో ప్రోటీన్ మొత్తం బిగుసుకుని పని ఆపేస్తుంది. తలుపుకి లోపల గడియ ఎలాగో దీనికి ఆ తోక అలాగ.

సీఎంఎల్‌లో జరిగేదేమిటంటే, ఎముక మూలుగలో రక్తం తయారుచేసే ఒక మూలకణంలో 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క విరిగి ఒకదాని చోటికి ఇంకోటి వెళ్లిపోతాయి. 9 మీదున్న ఏబీఎల్ జన్యువు వెళ్లి 22 మీదున్న బీసీఆర్ అనే జన్యువుకి అతుక్కుంటుంది. ఇలా పొట్టిగా మారిన 22వ క్రోమోజోమ్‌నే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు, మీ నాన్నగారికి 'పాజిటివ్' అన్నది దాని గురించే. ఈ అతుకులో ఏబీఎల్ మొదటి భాగం తెగిపోతుంది, అంటే సరిగ్గా ఆ గడియ ఉన్న కొసే పోతుంది. పైగా బీసీఆర్ ముక్క ఈ ప్రోటీన్లను ఒకదానికొకటి దగ్గరకు లాగి జట్టు కట్టిస్తుంది, అవి ఒకదాన్నొకటి లేపుకుంటాయి. ఇక ఎవరి ఆదేశంతోనూ పని లేదు, రాత్రీ పగలూ ఫాస్ఫేట్లు తగిలిస్తూనే ఉంటాయి, తెల్లకణాలు పుడుతూనే ఉంటాయి. మీ నాన్నగారి లక్షా ఎనభై వేలు అక్కడినుంచి వచ్చినవే.

ఇమాటినిబ్ చేసేది ఆ విరిగిన జన్యువుని బాగుచేయడం కాదు. కైనేజ్ ఫాస్ఫేట్ తెచ్చుకునేది ఏటీపీ అనే అణువు నుంచి. ఆ ఏటీపీ వచ్చి కూర్చునే చోట ఈ మందు కూర్చుంటుంది. అది అక్కడ ఉన్నంతసేపే ప్రోటీన్ ఊరుకుంటుంది. రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి పట్టేది సుమారు 18 గంటలు. ఒక రోజు మానేస్తే తగ్గుతుంది, రెండు మూడు రోజులు మానేస్తే ఆ ప్రోటీన్‌కి అడ్డులేదు. మూలుగలో దాక్కున్న కొన్ని మూలకణాలు ఈ మందు ఉన్నా చావవు కూడా, అణిగి ఉంటాయి.

"రెండు రోజులకేమవుతుందిలే" అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రివాళ్లు ఇమాటినిబ్ వాడుతున్న 87 మందికి తెలియకుండా మాత్రల సీసా మూతలో ఒక చిన్న పరికరం పెట్టి, ఎవరు ఎన్ని రోజులు వేసుకున్నారో చూశారు, 2010లో ఆ ఫలితాలు ప్రచురించారు. చెప్పిన మోతాదులో 90 శాతానికి మించి వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు పీసీఆర్ 0.1 శాతానికి దిగే అవకాశం 94 శాతం దాకా ఉంటే, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో అది 28 శాతం. 80 శాతం కూడా వేసుకోనివాళ్లలో ఒక్కరికీ దిగలేదు. నెలకు మూడు మాత్రలు మానేస్తే 90 శాతం, మీ నాన్నగారు వారానికే రెండు మూడు మానేస్తున్నారు. నాకు టెన్షన్ పుట్టించింది ఇదే.

కాళ్లు పట్టేయడం నిజంగా ఈ మందు వల్ల వచ్చేదే, ఆయన సాకులు చెప్పడం లేదు. కళ్ల కింద ఉబ్బు, వికారం, విరేచనాలు, ఒళ్లు రంగు తేలడం కూడా ఉంటాయి. రంగులు వేసేవాళ్లు ఎండలో నిచ్చెన మీద పనిచేస్తారు, పిక్క పట్టేస్తే పడిపోతారు కూడా, కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసేయకుండా డాక్టర్‌కి విడమరిచి చెప్పండి. క్యాల్షియం, మెగ్నీషియం చూసి సరిచేస్తారు, అవసరమైతే మందే మారుస్తారు, దానికి దారులున్నాయి. టాబ్లెట్ మాత్రం కడుపునిండా తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

పూర్తిగా ఆపడం అసలు ఎప్పటికీ లేదా అంటే, ఉంది. ఫ్రాన్స్‌లో చేసిన ప్రయోగంలో, రెండేళ్లకు పైగా పీసీఆర్‌లో జబ్బు జాడే కనపడనివాళ్లకు మందు ఆపి చూస్తే, సుమారు 40 శాతం మందికి అది తిరిగి రాలేదు. వచ్చినవాళ్లకు ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది, మందు మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరికీ తగ్గింది. కానీ అది డాక్టర్ ఆపించి, నెలనెలా పీసీఆర్ చూస్తూ చేసిన పని. రోజూ వేసుకున్నవాళ్లే ఆ అర్హత దాకా వెళ్తారు. ఆ దారి మీ నాన్నగారికీ తెరిచే ఉంది, ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మకు సీఎంఎల్. మందులతో బాగానే ఉంది, ఇంట్లో పనంతా తనే చేసుకుంటుంది. నాకు ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. ఇప్పుడు ఈ సంగతి తెలిసి "క్రోమోజోమ్ జబ్బంటే వంశపారంపర్యమే కదా, రేపు పిల్లలకొస్తే?" అంటున్నారు. నిజమేనా? (మౌలాలి)

జవాబు: నిజం కాదమ్మా. ఈ క్రోమోజోముల మార్పు మీ అమ్మగారు పుట్టిన చాలా ఏళ్ల తర్వాత ఆవిడ ఎముక మూలుగలో ఒకే ఒక్క కణంలో జరిగింది. మిగతా ఒంట్లో, అండాల్లో అది లేదు, అందువల్ల మీకు రాలేదు, మీ పిల్లలకూ రాదు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ రోగుల రక్తకణాల్లో ఈ పొట్టి క్రోమోజోమ్‌ని చూశారు, అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని పేరు. 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త అది 9, 22 క్రోమోజోముల మార్పిడి అని తేల్చారు. ఆ మార్పిడి ఎందుకు జరుగుతుందంటే, ఎక్కువ రేడియేషన్ తగలడం ఒక్కటే గట్టిగా రుజువైన కారణం. హిరోషిమా, నాగసాకి బాధితుల్లో కనపడింది. చాలామందిలో ఏ కారణమూ దొరకదు.

"క్రోమోజోమ్" అనే మాట వినగానే కుటుంబమంతా భయపడిపోవడం నాకు అర్థమవుతుంది. దాచిపెట్టకండి. మీ అమ్మగారిని చూసే డాక్టర్ దగ్గరకు ఆ పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లి, వాళ్ల సందేహాలు వాళ్ల నోటితోనే అడగనివ్వండి. అంతా విన్నాక కూడా వాళ్లు అదే మాట మీద ఉంటే, ఆ లోపం మీ అమ్మగారి రక్తంలో ఉన్నది మాత్రం కాదు.

ప్రశ్న: నేను ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇమాటినిబ్ మామూలు ఏబీఎల్‌ని కూడా ఆపుతుంది కదా, మరి మంచి కణాలు ఎందుకు దెబ్బతినవు? (తార్నాక)

జవాబు: మంచి ప్రశ్న. మామూలు ఏబీఎల్‌కి పనులు చాలానే ఉన్నాయి. కణం లోపలి ఆక్టిన్ పోగుల్ని కదిలించి కణం ఆకారం, నడక మార్చడం, డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు స్పందించడం వాటిలో కొన్ని. ఏబీఎల్ జన్యువు తీసేసిన ఎలుకలు చిన్నగా పుట్టి చాలావరకు పుట్టిన కొద్ది రోజుల్లోనే చనిపోయాయని 1991లోనే తెలిసింది. పుట్టుకతోనే ఈ జన్యువులో మార్పులున్న మనుషులకు గుండె, ఎముకల లోపాలు వస్తాయని 2017లో బయటపడింది. కాబట్టి పిండం ఎదిగేటప్పుడు దీని అవసరం చాలా ఉంది. పెద్దయ్యాక మాత్రం ఏబీఎల్-2 అనే చుట్టం కొంత పని అందుకుంటుంది, మిగతా కైనేజులూ ఉన్నాయి, అందువల్ల మామూలు కణం తట్టుకుంటుంది. క్యాన్సర్ కణం అలా కాదు, దాని బతుకంతా బీసీఆర్-ఏబీఎల్ మీదే నడుస్తోంది, అది ఆగితే చస్తుంది.

మామూలు కణాలకు అసలేమీ కాదనీ అనలేం. ఈ మందు కిట్ అనే ఇంకో కైనేజ్‌ని కూడా ఆపుతుంది, చర్మానికి రంగునిచ్చే కణాలకు అది కావాలి, అందుకే మనవాళ్లలో ఒళ్లు తెల్లబడటం బాగా కనపడుతుంది. అదే గుణం వల్ల జీర్ణకోశంలో వచ్చే జిస్ట్ అనే కంతికి ఇదే మందు పనికొచ్చింది.

మీరు బయోకెమిస్ట్రీ విద్యార్థి కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ మందు ఏటీపీ కూర్చునే చోట కూర్చుంటుందని పైన రాశాను కదా. ఆ ఏటీపీని 1929లో కండరాల్లోంచి వేరుచేసి చూపినవాళ్లలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పని చేశారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా చేశారు. అంతకు ముందు 1925లో ఆ ఇద్దరూ కనిపెట్టిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీ ప్రాక్టికల్స్‌లో ఫిస్క్-సుబ్బారో అనే పేరుతోనే ఉంటుంది. ఆయన తర్వాత లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ పిల్లల ల్యుకేమియాని, అంటే బ్లడ్ క్యాన్సర్‌ని, కొంతకాలం వెనక్కి నెట్టగలిగారు, 1948లో అది ప్రచురితమైంది. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ల్యుకేమియా గురించి తెలుగులో ఎవరు రాసినా ఆయన పేరు ఉండాలని నా పట్టుదల.

ఇంకొకటి, పైన చెప్పిన గడియ గుంట ఉంది చూశారూ, బీసీఆర్-ఏబీఎల్‌లో తోక పోయినా ఆ గుంట అలాగే ఉంటుంది. అసిమినిబ్ అనే కొత్త మందు సరిగ్గా ఆ గుంటలోకే దూరుతుంది, ఏటీపీ చోటుతో దానికి పనే లేదు. అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. సెమినార్ ఇవ్వాలనుకుంటే ఈ అంశం తీసుకోండి.

ప్రశ్న: మా ఆవిడకు ఇండియా కంపెనీ ఇమాటినిబ్ రాశారు. అమెరికాలో ఉన్న మా బావమరిది "ఒరిజినల్ వాడండి, చవకది పనిచేయదు" అని గొడవ. ఏం చేయాలి? (బోడుప్పల్)

జవాబు: ఆ చవక మందు వెనక కథలో సగం మన ఊరిదే. ఇమాటినిబ్‌ని స్విట్జర్లాండ్ కంపెనీ నొవార్టిస్ గ్లివెక్ పేరుతో తెచ్చింది, అమెరికాలో 2001 మేలో అనుమతి వచ్చింది. అప్పట్లో ఇక్కడ దాని ధర నెలకు సుమారు రూ.1,20,000 ఉండేది. హైదరాబాద్‌కి చెందిన నాట్కో వీనాట్ పేరుతో ఇదే మందు తెచ్చింది, ఇండియా కంపెనీల మందు నెలకు రూ.8,000-10,000కి దొరికింది. నొవార్టిస్ పేటెంట్ కోసం పట్టుబట్టింది. మందు అణువు పాతదే, దాని కొత్త స్ఫటిక రూపానికి పేటెంట్ అడిగారు. 2006లో చెన్నై పేటెంట్ ఆఫీసు కాదంది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా, పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ప్రకారం, తెలిసిన మందుకే కొత్త రూపం ఇస్తే సరిపోదు, గుణం నిజంగా పెరగాలని చెప్పి తోసిపుచ్చింది. ఆ తీర్పు వల్లే ఇవాళ రంగులేసే మేస్త్రీ ఇంట్లో కూడా ఈ టాబ్లెట్ ఉంది. అందుకే "చవకది" అని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

అణువు అదే. పనిచేస్తోందో లేదో తేల్చేది బావమరిది కాదు, పీసీఆర్ రిపోర్ట్. అంకె గడువు ప్రకారం దిగుతుంటే మందు పనిచేస్తున్నట్టే. బిల్లుతో కొనండి, షాపువాడు కంపెనీ మార్చి ఇస్తే డాక్టర్‌కి చెప్పండి. కొనడమే కష్టమైతే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో, పంజాగుట్ట నిమ్స్‌లోనో అడగండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇమాటినిబ్ వాడుతున్నాను. పెళ్లయి ఏడాది, అత్తగారు పిల్లల గురించి అడుగుతున్నారు. నేను తల్లిని కాగలనా? (ఉప్పల్)

జవాబు: కాగలవమ్మా, చాలామంది అయ్యారు. కానీ ఈ టాబ్లెట్ వేసుకుంటూ గర్భం రాకూడదు, పిండానికి లోపాలు వచ్చే ప్రమాదముంది, పైన ఎలుకల సంగతి చదివితే ఎందుకో తెలుస్తుంది. అలాగని గర్భం కోసం నీ అంతట నువ్వు టాబ్లెట్ ఆపకు. పీసీఆర్ ఎంతకాలంగా ఎంత తక్కువ ఉందో చూసి, ఎప్పుడు ఆపాలో, అవసరమైతే మధ్యలో ఇంటర్‌ఫెరాన్ అనే ఇంజక్షన్ ఇవ్వాలో రక్త క్యాన్సర్ డాక్టరూ గైనకాలజిస్టూ కలిసి నిర్ణయిస్తారు. ఈ మందు మీద ఉండగా పాలివ్వకూడదు. మీ అత్తగారిని కూడా ఒకసారి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లు, తొందర ఎందుకు పెట్టకూడదో ఆవిడకూ తెలుస్తుంది.

ప్రశ్న: నాకు నాలుగేళ్లు బాగా పనిచేసిన మందు ఇప్పుడు పనిచేయడం లేదట. 'మ్యుటేషన్ టెస్ట్' రాశారు. అంటే ఏమిటి? (మల్కాజ్‌గిరి)

జవాబు: మందు కూర్చునే చోటే ప్రోటీన్ మారిపోయిందేమో చూసే టెస్ట్ అండీ. డసాటినిబ్, నిలోటినిబ్ లాంటి తర్వాతి మందుల్లో ఏది పనిచేస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది. ఆ ప్రోటీన్ 315వ స్థానంలో త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఐసోల్యూసిన్ అనేది వస్తే ఆ రెండూ కూడా పనిచేయవు, అప్పుడు పొనాటినిబ్, అసిమినిబ్ వైపు చూస్తారు. టెస్ట్ చేయించండి, వాయిదా వేయకండి.

ప్రశ్న: మా అన్నయ్యకు సీఎంఎల్ అదుపులో ఉండేది. రెండు నెలల కిందట టీబీ అని తేలి ప్రభుత్వ కేంద్రంలో మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు పీసీఆర్ పెరిగింది. టీబీ మందు క్యాన్సర్‌ని పెంచుతుందా? (చాంద్రాయణగుట్ట)

జవాబు: క్యాన్సర్‌ని పెంచదు, ఇమాటినిబ్‌ని తగ్గిస్తుంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని విపరీతంగా పెంచుతుంది. అవి ఇమాటినిబ్‌ని వచ్చింది వచ్చినట్టే విరగ్గొట్టేస్తాయి, రక్తంలో దాని మోతాదు నాలుగింట మూడొంతులు పడిపోతుంది. రోజూ టాబ్లెట్ వేసుకుంటున్నా వేసుకోనట్టే. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కూడా ఇదే పని చేస్తాయి. పంపరపనస దీనికి తిరగేసి, ఆ ఎంజైముల్ని అణిచి మందు ఎక్కువయ్యేలా చేస్తుంది, దాన్ని తినకపోవడం మేలు. ఆకు పసర్లు, చూర్ణాలు ఏవైనా ఇస్తుంటే అవి కూడా డాక్టర్‌కి చెప్పండి.

టీబీ మందు ఆపకండి, ఆపితే అది ఇంకో ప్రాణాపాయం. ఇమాటినిబ్ మోతాదు పెంచడమో, రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యుటిన్ ఇవ్వడమో డాక్టర్లు చూస్తారు. చాలాసార్లు టీబీ డాక్టర్‌కి క్యాన్సర్ మందు సంగతి తెలియదు, క్యాన్సర్ డాక్టర్‌కి టీబీ మందు సంగతి తెలియదు, రెండు ఫైళ్లు రెండు సంచుల్లో ఉంటాయి. ఈ వారంలోనే రెండు చీటీలూ తీసుకుని ఇద్దరి దగ్గరకూ వెళ్లండి. రిఫాంపిసిన్ ఆగిన తర్వాత కూడా దాని ప్రభావం పోవడానికి రెండు వారాల దాకా పడుతుంది కాబట్టి, టీబీ కోర్సు అయిపోయే రోజు కూడా క్యాన్సర్ డాక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి, అప్పటికి పెంచిన మోతాదు మళ్లీ తగ్గించాల్సి వస్తుంది.